మీవాడికేం కావాలమ్మా?

మన బడుల్లో వికలాంగ పిల్లలకు ఏ లోటూ లేదు. ఏ బడిలో చేరాలో మేనమామ చెబుతాడు. ఏ బెంచీ మీద కూర్చోవాలో క్లాసు టీచరమ్మ చెబుతుంది. వైకల్యం ఎంత శాతమో సదరం క్యాంపులో డాక్టరుగారు తేలుస్తారు. ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చుని అందరి చెప్పులకూ, వాటర్ బాటిళ్లకూ కాపలా కాయాలని పీఈటీ సారు నిర్ణయిస్తారు. ఒక్క పిల్లాడి కోసం ఇంతమంది బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే వాడి బుర్రకు ఇక పనేముంది?

అయినా కొందరికి తృప్తి ఉండదు. 'వాణ్ణి కూడా ఓ మాట అడగొచ్చు కదా' అంటారు. పార్లమెంటు కూడా ఆ బాపతే. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం నాలుగో సెక్షన్‌లో, తమకు సంబంధించిన ప్రతి విషయంలోనూ తమ అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పే హక్కు వికలాంగ పిల్లలకు ఉందని రాసిపెట్టారు. అందుకు కావలసిన సాయం ప్రభుత్వమే చేయాలట. 31వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఊళ్లో బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే, కోరుకున్న చోట ఉచితంగా చదువుకోవచ్చంది.

ఆ కోరుకోవడం ఎలా జరుగుతుందో చూడండి. ఊళ్లో హెడ్మాస్టరు 'మాకు ర్యాంపు లేదండీ, ప్రత్యేక పాఠశాలలో వేయండి, వాడికే మంచిది' అంటాడు. ప్రత్యేక పాఠశాలవాళ్లు 'హాస్టల్లో ఖాళీ లేదండీ, మీ ఊళ్లోనే వేయండి, వాడికే మంచిది' అంటారు. వాడి మంచి కోరేవాళ్లు అటూ ఇటూ ఉన్నారు. వాడు మాత్రం నడిమధ్య ఆటోలో ఉన్నాడు.

ఎలాగో చేరాడనుకోండి, వాడికంటూ ఓ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. ఆఫీసు రూములో హెడ్మాస్టరు, మండలమంతా తిరిగి అలసిపోయి వచ్చిన కాంట్రాక్టు రిసోర్స్ టీచరు, తల్లి, ఆమె పక్కన పిల్లాడు. 'మీవాడికేం కావాలమ్మా?' అని మొదలవుతుంది సమావేశం. మీవాడికి పద్నాలుగేళ్లు. కాళ్లకు వైకల్యం వచ్చింది గానీ చెవులకు రాలేదు, నోటికి అసలే రాలేదు. 'కంప్యూటర్...' అని వాడు నోరు తెరిచేలోపే తల్లి అందుకుంటుంది: 'వాడికేం తెలుసు సార్, మీరెలా అంటే అలాగే.' సారు రాసుకుంటారు. 'లక్ష్యం: చొక్కా గుండీలు తనంతట తాను పెట్టుకొనుట.' గుండీలు వాడు ఆరో తరగతి నుంచే పెట్టుకుంటున్నాడు. అయితేనేం, పోయినేడాది కాగితంలో అదే ఉంది, వచ్చే ఏడాదీ అదే ఉంటుంది. ఎప్పుడో సాధించిన లక్ష్యాన్నే ఏటా పెట్టుకుంటే నూటికి నూరు శాతం ఫలితాలు. కింద హెడ్మాస్టరు సంతకం, తల్లి వేలిముద్ర. పిల్లాడి సంతకానికి చోటు మిగల్లేదు.

పెద్దలు చెప్పినట్టు వినకపోతే ఏమవుతుందో బొల్లా శ్రీకాంత్‌ను చూసి నేర్చుకోవాలి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన ఈ కుర్రాడు పదో తరగతి అయ్యాక సైన్సు చదువుతానన్నాడు. చూపులేనివాడికి సైన్సేమిటి, ఆర్ట్స్ తీసుకోమంది బోర్డు. బుద్ధిగా తీసుకోవచ్చు కదా! కోర్టుకెక్కాడు, గెలిచాడు, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగువాళ్లు చేర్చుకోబోమంటే అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన కథ హిందీ సినిమాగా వస్తే చూసి కళ్లు తుడుచుకున్నాం. తుడుచుకున్న చేత్తోనే మర్నాడు ఇంకో చూపులేని పిల్లకు ఆర్ట్స్ ఫారం ఇచ్చాం. సైన్సు కావాలంటే ఆమె కూడా హైకోర్టు మీదుగా రావచ్చు.

పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడి సంగతి మరీ ముచ్చట. సొంతంగా తెచ్చుకోవాలో, పరీక్ష పెట్టేవాళ్లనే ఏర్పాటు చేయమనాలో అభ్యర్థే తేల్చుకోవచ్చని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం కూడా ఇమ్మన్నాయి. తీరా పరీక్ష పొద్దున ఎవరో తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెడతారు. వీడు 'సైన్ తీటా' అంటే వాడు 'ఏంటన్నా? మళ్లీ చెప్పు' అంటాడు. ఇచ్చిన అదనపు సమయం మళ్లీ చెప్పడానికే చాలదు.

ఇక డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. ఆ ఒక్కరోజు అందరికీ వీళ్లు గుర్తొస్తారు. వేదికకు అయిదు మెట్లు. అతిథులు పైన, వీల్‌చైర్లు కింద ఎండలో. ఒక ఎనిమిదో తరగతి పిల్లకు మైకిచ్చారు, చదవడానికి చీటీ కూడా ఇచ్చారు: 'మాకింత సాయం చేస్తున్న పెద్దలకు ధన్యవాదాలు.' ఆ పిల్ల చీటీ మడిచి ఒళ్లో పెట్టుకుని 'సార్, మా బాత్రూం తలుపులో నా కుర్చీ పట్టడం లేదు' అంది. ఠక్కున మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. పోయిన కరెంటుతోనే వేదిక మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఇలా కంటికి రెప్పలా పెంచి, పద్దెనిమిదేళ్లు నిండిన రోజున 'పెద్దవాడివయ్యావు, ఇక నీ బతుకు నువ్వు చూసుకో' అంటాం. అన్నేళ్లూ చెరువు గట్టున కూర్చోబెట్టి ఒక్కరోజున నడి చెరువులోకి తోసినట్టు. వాడు తడబడితే 'చెప్పలేదూ, వీళ్లకు సొంతంగా ఏదీ తేల్చుకోవడం రాదు' అని మనమే తీర్పిస్తాం. మామూలు పిల్లాడు ఎంపీసీ తీసుకుని మూడుసార్లు తప్పితే వయసు ప్రభావం. వికలాంగుడు ఒక్కసారి తప్పితే వైకల్యం ప్రభావం. పొరపాటు చేసి దిద్దుకోవడం కూడా చదువులో భాగమేనన్న సంగతి ఈ ఒక్క పిల్లల దగ్గరే మరిచిపోతాం.

ర్యాంపు కట్టాలంటే సిమెంటు కావాలి, టెండరు కావాలి, బిల్లు పాసవ్వాలి. పిల్లల్ని అడగడానికి అవేవీ అక్కర్లేదు. మాట రాని పిల్ల ముందు రెండు బొమ్మలు పెట్టి వేలు చూపించేదాకా ఆగితే చాలు. వినపడని పిల్లాడికి సైగలొచ్చిన టీచరు కావాలి. అలా టీచర్లకు సైగల భాష నేర్పించాలనీ ఆ వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. మిగతావాళ్లకైతే తల్లి వైపు తిప్పిన కుర్చీని కాస్త పిల్లాడి వైపు తిప్పితే సరి. కాకపోతే, అడిగాక వాడు చెప్పింది చేయాలి. మనకు నొప్పంతా అక్కడే.

అది మా వల్ల కాదంటారా, ఇబ్బందేం లేదు. నాలుగో సెక్షన్‌ను చక్కటి చేతిరాతతో ఒక తెల్లకాగితం మీద రాయండి. కింద 'మా బడికి వర్తించదు' అని చేర్చి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర కొట్టి నోటీసు బోర్డుకు అంటించండి. ఇన్నేళ్లుగా అమలు చేస్తున్నదే కదా, కాగితం మీద పెట్టడానికి జంకెందుకు?