హైస్కూలుకి టాటా: పైసా ఖర్చు, చెమటచుక్క లేకుండా

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫిబ్రవరి వచ్చేసింది. మీకు ఫేర్‌వెల్ ఇవ్వడానికి తొమ్మిదో తరగతి వాళ్లు చందాలు మొదలుపెట్టేశారు. షామియానా, మైకుసెట్టు, రంగుకాగితాలు, బిర్యానీ ప్యాకెట్లు, అన్నీ వాళ్ల నెత్తినే. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు జిల్లాపరిషత్ హైస్కూలు బెంచీలు అరగదీసిన మీకు ఆ మాత్రం మర్యాద జరగాల్సిందే. కానీ మంచి తెలివైన పిల్లలు కూడా సరిగ్గా ఈ సమయంలోనే దారి తప్పుతున్నారు. లైబ్రరీ పుస్తకాలు వెతికి మరీ తిరిగిచ్చేస్తున్నారు. టీచర్ల కాళ్లకి దండం పెట్టి, పరీక్షలకి ఏం చదవాలో అడిగి రాసుకుంటున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. మీకా గతి పట్టకూడదనే ఈ చిట్కాలు. వరస తప్పకుండా పాటించండి.

1. పేరూ, పుట్టినతేదీ సరిచూసుకోకండి.

అసలు వీడ్కోలు పని ఫిబ్రవరిలో కాదు, పబ్లిక్ పరీక్షల ఫీజు కట్టేనాడే మొదలవుతుంది. క్లాస్ టీచరు నామినల్ రోల్ పట్టుకొచ్చి మీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టినతేదీ, ఒంటిమీద రెండు పుట్టుమచ్చలు చూసుకుని సంతకం పెట్టమంటారు. చూడకండి. పెన్ను ఆయన్నే అడగండి, సంతకం గీకండి, పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేయండి. పుట్టుమచ్చల కోసం చొక్కా చేతులు పైకి మడిచి వెతుక్కోవడం శుద్ధ దండగ. పక్కవాడు ‘కుడి మోచేతి మీద ఒకటి, మెడమీద ఒకటి’ అని చెబితే మీరూ అదే చెప్పండి. మచ్చలెవరివైతేనేం, గడి నిండాలి.

దీని లాభం ముందుముందు తెలుస్తుంది. మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, రేషన్ కార్డులో మరోలా ఉంటే మనిషి ఒక్కడే, పేర్లు మూడు. అప్పులవాడు ఏ పేరు పట్టుకుని వెతుకుతాడు? ఇక పుట్టినతేదీ. ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకీ అందరూ అడిగేది పదో తరగతి మెమోనే కాబట్టి, అందులో తప్పు పడిందంటే మీకు బతుకంతా చేతినిండా పనే. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లాలి, అక్కణ్నుంచి డీఈఓ ఆఫీసుకి వెళ్లాలి, అర్జీ ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా పోవాలి. పాత అడ్మిషన్ రిజిస్టరు నకలు కావాలంటే మళ్లీ స్కూలుకే రావాలి. ‘ఏం చేస్తున్నావురా?’ అని మావయ్య అడిగితే, ‘సర్టిఫికెట్ పనిమీద తిరుగుతున్నా మావయ్యా’ అంటే సరి. ఇంత గౌరవంగా ఖాళీగా ఉండే అవకాశం ఏ డిగ్రీ ఇవ్వదు.

2. స్కూలుకిచ్చే కానుక డబ్బు మీ చేతిలోనే ఉంచుకోండి.

వెళ్లిపోయే బ్యాచ్ స్కూలుకి ఏదో ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. గోడ గడియారమో, ఫ్యానో, సరస్వతీదేవి పటమో. ‘వసూలు నేను చూసుకుంటా’ అని మీరే ముందుకు రండి. లెక్క కాగితం మీద పెట్టకండి, కాగితం పెడితే ఎవడో ఒకడు కూడికలు మొదలెడతాడు. మీ వంతు అడిగితే ‘మా నాన్నకి ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు’ అనండి. ఇది ఏ ప్రభుత్వం ఉన్నా చెల్లే మాట. కానుక కొనడానికి బజారుకి పోనక్కర్లేదు. ఎనిమిదో తరగతి గదిలో నాలుగున్నర దగ్గర ఆగిపోయిన గడియారం ఉంటుంది. దాన్ని దించి, బూజు దులిపి, మెరుపు కాగితం చుట్టి, మీ బ్యాచ్ పేరు అంటించండి. స్టేజీ మీద ఫొటో తీసేటప్పుడు కాగితం విప్పనివ్వకండి.

3. మైకు పట్టుకోగానే గొంతు పూడుకుపోవాలి.

ఫేర్‌వెల్లో ప్రతివాణ్నీ రెండు మాటలు మాట్లాడమంటారు. ప్రసంగం రాసుకొచ్చేవాళ్లని చూసి బెదిరిపోకండి. మీకు రెండు మాటలు కూడా అక్కర్లేదు. మైకు తీసుకోండి, రెండుసార్లు వేలితో కొట్టండి, ‘అందరికీ నమస్కారం’ అనండి, ఆగండి. తలొంచుకోండి. కన్నీళ్లు రాకపోతే ముందుగానే కంటికింద కాస్త జండూబామ్ రాసుకోండి. మరీ ఎక్కువ రాస్తే ఎగిరి గంతులేస్తారు, గోరంత చాలు. ముందు వరసలో సైన్సు మేడమ్ కొంగుతో కళ్లొత్తుకోవడం కనబడగానే మైకు పక్కవాడికిచ్చి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లండి. మీరు ఏడాది పొడుగునా ఇవ్వని ప్రాజెక్టు పని, చూపించని నోట్సు, ఎగ్గొట్టిన స్లిప్ టెస్టులు, అన్నీ మాఫీ అయ్యే ముహూర్తం అదే. తెల్లారితే మేడమ్ తేరుకుంటారు.

4. స్లామ్‌బుక్‌లో అందరికీ ఒకే మాట.

‘నిన్ను మర్చిపోలేను. నవ్వుతూ ఉండు.’ ఇది రాయండి, చాలు. ఐదేళ్లు ఒకే బెంచీలో కూర్చుని మీకు హోంవర్కు చూపించినవాడికీ ఇదే, పేరు గుర్తురాని అమ్మాయికీ ఇదే. ఫోన్ నంబరు రాసేచోట చివరి అంకె మార్చేయండి. మర్చిపోలేనని రాశాం కదా, ఫోన్లు కూడా ఎత్తాలా? రేపు ఎవడికో పెళ్లవుతుంది, ఎవడికో ఆపరేషన్ అంటారు. అంకె మారిస్తే ఆ బాధలేవీ ఉండవు.

5. పుస్తకాలు పరీక్షలకి ముందే అమ్మేయండి.

ఇది వ్యాపార సూత్రం, జాగ్రత్తగా వినండి. చివరి పరీక్ష అవగానే ఊళ్లో ప్రతి పదో తరగతి పిల్లాడూ పుస్తకాలు తెచ్చి పాతపేపర్లవాడి కాటాలో పడేస్తాడు. సరుకు పెరిగితే ధర దిగుతుంది. కాబట్టి ఫేర్‌వెల్ అయిన మర్నాడే, మార్కెట్లో సరుకు లేనప్పుడు, మీ సంచీ దించండి. సర్కారు ఉచితంగా ఇచ్చినవి కాబట్టి వచ్చిందంతా లాభమే. లెక్కల గైడు బరువుగా ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. లైబ్రరీ పుస్తకాలైతే స్కూలు ముద్ర ఉన్న పేజీ చింపాకే కాటా ఎక్కించండి. వచ్చిన డబ్బుతో మిరపకాయ బజ్జీలు తినండి. అవి కట్టిచ్చే కాగితం మీ సోషల్ పుస్తకంలోది అయితే తింటూ ఒకసారి చూసుకోండి. ఈ పద్ధతిలో రివిజన్ అంటే అంతే.

6. ఫేర్‌వెల్ అయ్యాక స్టడీ అవర్స్‌కి వెళ్లడం అమర్యాద.

పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవరు, మధ్యలో గ్రాండ్ టెస్టులు అంటూ సార్లు ఇంకా లాగుతారు. మీకు పూలిచ్చి, ఫొటో తీసి, సాగనంపారు కదా? అంపకాలు అయ్యాక పెళ్లికూతురు మళ్లీ పెళ్లిచూపులకి కూర్చుంటుందా? సార్ ఇంటికి కబురు పంపితే ‘ఇంట్లోనే చదువుకుంటున్నాడండీ’ అని నానమ్మ చేత చెప్పించండి. నానమ్మ మాట ఏ మాస్టారూ కాదనలేడు.

పైగా వందకి 35 వస్తే పాసు. ముప్పై అయిదు దాటిన ప్రతి మార్కూ మీ నిద్ర ఖరీదు. ఎక్కువ వస్తే ఇంకా ప్రమాదం. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, అటు బాసర, ఈ ట్రిపుల్ ఐటీలన్నీ పదో తరగతి మార్కులు చూసే సీట్లిస్తాయి. మార్కులొచ్చిన పిల్లాణ్ని ఆరేళ్ల చదువని చెప్పి హాస్టల్లో కూర్చోబెడతాయి. మార్కులు రానివాడు హాయిగా ఇంట్లో అమ్మ చేతి పప్పుచారు తింటాడు.

7. హాల్ టికెట్‌ని బస్సు పాసుగా గుర్తించండి.

పరీక్షల రోజుల్లో హాల్ టికెట్ చూపిస్తే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో పదో తరగతి పిల్లలకి టికెట్ ఉండదు. ఇంత మంచి సౌకర్యాన్ని పరీక్ష సెంటరు దగ్గర దిగిపోయి వృథా చేసేవాళ్లే ఎక్కువ. పరీక్ష తొమ్మిదిన్నరకి. మీరు ఎనిమిది గంటల బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, నిద్ర పట్టిందన్నట్టు తల వాల్చండి. సెంటరు దాటాక ఊరికి ఆ చివర లేవండి. వెనక్కొచ్చేసరికి గేటు వేసేసి ఉంటే నేరం బస్సుదే, మీది కాదు.

8. సిరా మీ చొక్కా మీద పడనివ్వకండి.

చివరి రోజు సోషల్ రాసి బయటికి రాగానే సిరా చల్లుకుంటారు. ఆ రోజు తమ్ముడి యూనిఫాం వేసుకెళ్లండి.

9. ఒరిజినల్స్ అడిగినవాడికల్లా ఇచ్చేయండి.

ఫలితాలు రాకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు మోటారుసైకిళ్ల మీద ఇంటికొస్తారు. కూల్‌డ్రింకు తాగించి, ఏసీ క్లాసులు చూపించి, ‘ముందు సీటు బుక్ చేసుకోండి, ఫీజు తర్వాత మాట్లాడుకుందాం’ అంటారు. ఎంత పెద్ద మనసో చూడండి. ఎంతని అడిగి వాళ్లని చిన్నబుచ్చకండి. మెమో రాగానే టీసీ, కండక్ట్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, మెమో, అన్నీ కవరుతో సహా అందించండి. జిరాక్సులు తీయించకండి, కాపీకి రెండ్రూపాయలు ఊరికే వస్తున్నాయా? రసీదు అడగకండి, నమ్మకం లేదనుకుంటారు. తర్వాత కాలేజీ నచ్చక మారదామనుకుంటే ‘మొత్తం ఫీజు కట్టి పట్టుకెళ్లండి’ అంటారు. కంగారెందుకు? కాగితాలు భద్రంగా వాళ్ల బీరువాలో ఉన్నాయి. ఇంట్లో ఉంటే చెదలు పట్టేవి.

10. సప్లిమెంటరీని వదులుకోకండి.

ఫలితాల రోజు సర్వరు బిజీ అని సాయంత్రం దాకా నెట్టుకురండి. ఆ తర్వాత ‘రీకౌంటింగ్ పెడుతున్నా’ అని పదిరోజులు లాగండి. ఫీజుకని తీసుకున్న డబ్బులో ఛార్జీలు పోను మిగిలింది మీదే. ఆపైన సప్లిమెంటరీ. అది ఎండాకాలం సెలవుల్లో వస్తుంది కాబట్టి మేనత్త ఊరికి వెళ్లి, తేదీ దాటాక రండి. దీంతో మీకు దొరికేది మామూలు విద్యార్థి కలలో కూడా ఊహించలేని హోదా. పాసైనవాడికి స్కూల్లో ఒక్కటే ఫేర్‌వెల్, మీకు ఏడాదికొకటి. బిర్యానీ ప్యాకెట్ దగ్గర ‘నువ్వు ఏ బ్యాచ్ రా?’ అని అడిగే ధైర్యం కొత్తగా వచ్చిన తొమ్మిదో తరగతి వాడికి ఉండదు. జూన్‌లో బడి తెరవగానే గేటు పక్కన కిళ్లీకొట్టు అరుగుమీద చోటు చూసుకుని కూర్చోండి. ‘అన్నా, నమస్తే’ అంటూ కొత్త పదో తరగతి పిల్లలు మీ చుట్టూ చేరతారు. వాళ్లకి ఈ చిట్కాలు ఒక్కసారిగా చెప్పేయకండి. రోజుకొకటి చెప్పండి, చిట్కాకొక సమోసా తీసుకోండి, నామినల్ రోల్ చిట్కాకి మాత్రం రెండు.