దారిలనే మామ

మా వెల్గటూరు చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఒక దారిలనే మామ ఉంటాడు. కొన్ని ఇండ్లలో ఆయన చిన్నాయన, కొన్ని ఇండ్లలో బాపు, మా ఇంట్లో మేనమామ. ఎక్కడికి బయలుదేరినా ఆ ఊరు ఆయనకు ఒక సాకు. సిరిసిల్లలో పెండ్లి ఉందని పత్రిక వస్తే మామ అందులో ముహూర్తం చూడడు. వెల్గటూరుకూ సిరిసిల్లకూ నడుమ ఎంతమంది దేవుళ్లున్నారో, ఎన్ని నీళ్లున్నాయో వేళ్ల మీద లెక్కపెడతాడు. "ఎట్లాగు దారిలనే ఉంటయి గదా" అంటాడు. మామ లెక్కలో దారి అంటే రోడ్డుకు అటు ఇరవై కిలోమీటర్లు, ఇటు ఇరవై.

"ఏమయ్యా, పెండ్లికి పోతన్నమా, పుష్కరాలకు పోతన్నమా?" అని అత్త అడుగుతుంది.

"పుష్కరాలు 2027ల. గది వేరే ప్లాను."

మామ ప్లాను తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలవుతుంది. పెండ్లి ముహూర్తం పదకొండు గంటలకే కదా అని ఎవరూ అనకూడదు. కుటుంబం మొత్తం ఐదుగురు: మామ, అత్త, అత్త తల్లి, ఇంటర్ చదివే బిడ్డ, ఏడేండ్ల చిన్నోడు. ఒకప్పుడు అత్తగారిని గడప దాటించాలంటే మామకు నడుము నొప్పి వచ్చేది. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశారు. ఆ రోజు నుంచి ఆ నొప్పి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఎక్కడికి పోయినా "పెద్దమనిషిని ఒక్కదాన్నే ఇంట్ల ఇడిశిపెడ్తమా" అని ముందు ఆమె సంచే సర్దుతాడు. మూడు ఆధార్ కార్డులకు రబ్బరు బ్యాండు వేసి అంగీ జేబులో పెట్టుకుంటాడు. కండక్టరు మూడు జీరో టికెట్లు కొట్టి ఇస్తుంటే మామ మొహం చూడాలి, ఆస్తి రిజిస్ట్రేషన్ అవుతున్నట్టు వాటిని మడతపెట్టి దాచుకుంటాడు.

చిక్కంతా చిన్నోడితోనే. ఐదేండ్లు నిండితే సగం టికెట్ తీయాలి. మామ వాణ్ని ఒళ్లో కూచోబెట్టుకుని, మోకాళ్లు మడిపించి, తల మీద తువ్వాల కప్పుతాడు. కండక్టరు "ఎన్నేండ్లు బాబూ?" అని అడిగితే మామ "ఐదు నిండలే" అంటాడు. తువ్వాల కింద నుంచి వాడు "నేను రెండో తరగతి, మా క్లాసుల ఫస్టు" అని గొంతెత్తి చెబుతాడు. మామకు ఏకకాలంలో గర్వమూ నష్టమూ కలుగుతాయి. టికెట్ తీసేటప్పుడు మాత్రం "ఎక్స్‌ప్రెస్ ఎందుకు ఎక్కినమే, పల్లెవెలుగు అయితే ఇంకింత తక్కువ పడు" అని అత్త మీద విసుక్కుంటాడు.

మొదటి మజిలీ కోటిలింగాల. సిరిసిల్లకు పోయే దారి ఒక దిక్కు, కోటిలింగాల ఇంకో దిక్కు. అయినా మామకు అది దారిలోనే. అక్కడ గోదావరిలో పెద్దవాగు కలుస్తుంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు 20 టీఎంసీల నీళ్లు నింపుకుంటే వాటి అంచు ఇక్కడిదాకా నిండుగా నిలబడుతుంది. చిన్నోడు చాలా రోజులుగా సముద్రం, సముద్రం అని ఏడుస్తున్నాడు. మామ వాణ్ని గట్టు మీద నిలబెట్టి, "అగో, అవతలి ఒడ్డు సరిగ కనవడ్తదా? లేదు గదా. ఇగ సముద్రమంటె ఇంకేంది? విశాఖపట్నం పోతె ఉప్పునీళ్లు, ఇక్కడ మంచినీళ్లు" అని తేల్చేశాడు. వాడు నీళ్లు నోట్లో పోసుకుని చూసి ఒప్పుకున్నాడు.

స్నానాలయ్యాక చరిత్ర పాఠం. 1970ల చివర మొదలైన తవ్వకాల్లో ఇక్కడ ఇటుక కట్టడాలూ బావులూ బయటపడ్డాయి. శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడి నాణేలు దొరికాయి, అంతకు ముందు ఏలిన గోబద, నారన, సమగోప లాంటి రాజుల నాణేలూ దొరికాయి. మామ ఇదంతా చెబుతూ తల ఎత్తడు, నేల చూసుకుంటూనే నడుస్తాడు. రెండు వేల ఏండ్ల కింద ఆ రాజులు పారేసుకున్న చిల్లరలో ఒక్కటి దొరికినా చిన్నోడి సగం టికెట్ గిట్టుబాటు అవుతుందని ఆయన ఆశ.

తర్వాత కొండగట్టు. జగిత్యాల నుంచి 15 కిలోమీటర్లు, కాబట్టి నిజంగానే దారి. మామ చేతిలో ఒక్కటే కొబ్బరికాయ. కోటిలింగాలలో కోటేశ్వరస్వామికి దాన్ని చూపించాడు. కొండగట్టు అంజన్నకూ చూపించాడు. వేములవాడ రాజన్న దగ్గరికి చేరాక గాని కొట్టలేదు. "ముగ్గురు దేవుళ్లకు ఒక్క కాయ ఏందయ్యా?" అంటే, "అంజన్న రాముని బంటు. రాముడు శివుని పూజించిండు. అందరు ఒక్క ఇంటోళ్లే" అని చుట్టరికం కలిపాడు. వెనక్కి వచ్చిన చిప్ప సంచిలోకి పోయింది, తెల్లారి ఇడ్లీలోకి పచ్చడి.

వేములవాడలో ధర్మగుండంలో కాళ్లు కడిగి, కోడె మొక్కు చెల్లించి, దర్శనం చేసుకునే సరికి అత్తగారు అరుగు మీద కూలబడ్డారు. "అల్లుడా, కాళ్లు గుంజుతన్నయి."

"జర ఓర్సుకో అత్తమ్మా. పెండ్లిల కుర్చీలు ఉంటయి."

"జరసేపు నిలవడి గోపురమన్న చూడనియ్యవా?" అని అత్త అడిగితే, "ఫోటో కొట్టిన. ఇంటికి పోయినంక చూద్దురు" అన్నాడు. మామ పద్ధతి అది: రావడం ఇక్కడికి, చూడడం ఇంట్లో.

సిరిసిల్లలో పెండ్లి మండపానికి చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. వడ్డన మొదలైంది. మామ ఆలస్యం ఎప్పుడూ ఇట్లాగే సరిగ్గా కుదురుతుంది. దారిలో సద్దిమూట విప్పి అందరికీ సర్వపిండి ఒక్కో ముక్కే ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. కట్నం రాసే ఆయన ముందు నూటపదహార్లు చదివించి, ఐదు విస్తళ్ల ముందు తృప్తిగా కూర్చున్నాడు. ఆ ఊళ్లో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నేతగాళ్లున్నారు. మామ ఒక్క పగటిలో మడిచిపెట్టిన యాత్రను చూస్తే వాళ్లు కూడా పనితనం గుర్తిస్తారు.

తిరుగు ప్రయాణంలో, సాయంత్రం ఐదున్నరకు, బస్సులో ఉండగా వీడియో కాల్ వచ్చింది. మామ అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని కరీబియన్ దిక్కు ఓడ టూరుకు వెళ్లాడు. అక్కడ అప్పుడు పొద్దున ఎనిమిది. ఓడ కురసావ్ అనే దీవి దగ్గర ఆగింది, సాయంత్రం మళ్లీ కదులుతుంది. అంతలో ఏం చూడాలి మామా, ఓడవాళ్లు అమ్మే టూరు టికెట్లు మస్తు పిరం ఉన్నయి అని అడిగాడు. బస్సులో ఉన్న నలభై మంది వినేటట్టు మామ గొంతు సవరించుకున్నాడు. ఈ ప్రశ్న కోసమే ఆయన పుట్టినట్టున్నాడు.

"ఓడల తిండికి పైసలు ముందుగాల్నే కట్టినవా?"

"కట్టిన."

"అయితె కడుపు నిండ తిని దిగుండ్రి. నీళ్ల సీసలు అండ్లకెల్లే నింపుకోండ్రి. దిగంగనే ఏమున్నది?"

రేవు ఒడ్డునే రంగురంగుల పాత ఇండ్ల వరస ఉందని, ఆ పాత ఊరిని 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారని అల్లుడు చెప్పాడు.

"బయటినుంచి చూడండ్రి. లోపటికి పోతె టికెట్ ఉంటది."

ఇంకా ఒక వంతెన ఉందన్నాడు. 1888లో కట్టింది, పడవల మీద నీళ్లలో తేలుతుంది. ఓడ వస్తే మొత్తం వంతెనే పక్కకు జరుగుతుంది. చాలాసేపు తెరిచి ఉంచితే జనాన్ని పడవలో అవతలి ఒడ్డుకు దాటిస్తారు.

మామ కండ్లు పెద్దవయ్యాయి. "పడవకు ఎంత?"

"ఫ్రీ మామా."

బస్సంతా నిశ్శబ్దమైంది. కండక్టరు కూడా చిల్లర లెక్కపెట్టడం ఆపాడు.

"నడిశి పోతరా ఏంది బ్రిడ్జి మీదికెల్లి? అసలే పోవద్దు. ఓడ అచ్చేదాక ఒడ్డుకు కూసోండ్రి. పోంగ పడవల పోండ్రి, రాంగ బ్రిడ్జి మీద రాండ్రి. ఒక్క పైస లేకుంట రెండు టూర్లు!"

ఇంత కక్కుర్తి ఎందుకని నవ్వేవాళ్లకు మామ దుబాయి సంగతి తెలియాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు చాలామంది మగవాళ్లలాగే ఆయనా వయసులో ఉన్న రోజులన్నీ గల్ఫ్‌లో పోసి వచ్చాడు. రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలల్లోనే ఇంటి పైకప్పు మార్చాలి, మొక్కులు తీర్చాలి, పిల్లలకు తండ్రి అని పరిచయం చేసుకోవాలి. బిడ్డ మొదటిసారి బాపు అని పిలిచింది ఆయన తిరిగి విమానం ఎక్కే వారంలో. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కట్టిన ఊళ్లో అన్నేండ్లు ఉండి కూడా దాన్ని కంపెనీ బస్సు కిటికీలోంచే చూశాడు. పనికి పోయే దారిలోనే ఉండేదట. బస్సు ఒక్కనాడూ ఆగలేదు. ఇప్పుడు తన చేతిలో ఉన్న ఏ బస్సూ ఎక్కడా ఆగకుండా పోవడం ఆయనకు నచ్చదు. డబ్బు మీద పిసినారి అంటారు గాని, ఆయన పిసినారితనం రోజుల మీద. రూపాయి పోతే అంగట్లో వస్తుంది, సెలవు దినం పోతే రెండేండ్లు ఆగాలి అన్న లెక్క ఒంట్లో ఇంకిపోయింది. గల్ఫ్ మానేసి వచ్చి ఏండ్లయినా, ప్రతి రోజూ ఆయనకు సెలవులో చివరి రోజే.

ధర్మపురిని తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టాడు. బస్సు దిగేసరికి దీపాలు పెట్టేశారు. నరసింహస్వామి దర్శనం అయ్యాక అదే ఆవరణలో యమధర్మరాజు గుడికి పోయారు. ధర్మపురికి వస్తే యమపురి లేదని మా దిక్కు నమ్మకం. గండదీపంలో నూనె పోశారు. అత్త, అత్తగారు, బిడ్డ ఒక్కో నిమిషంలో దండం పెట్టుకుని పక్కకు జరిగారు. మామ మాత్రం కదలడు. కండ్లు మూసుకుని పెదవులు కదుపుతూ, నడుమ నడుమ వేళ్లు మడుస్తూ, ఏదో బేరం తెగనట్టు నిలబడ్డాడు.

చివరి బస్సు తప్పిపోతుందని అత్త భుజం తట్టింది. "ఏం మొక్కినవయ్యా అంతసేపు?"

"నన్ను తీసుకపోయేటప్పుడు కాశీ మీదికెల్లి తీసుకపొమ్మన్న. ఎట్లాగు ఉత్తరం దిక్కే గదా అని చూసిన, యముడు దక్షిణం దిక్కు ఉంటడట. అయినా ఏమైతది, ఓ పూట సుట్టు తిరుగుతడు. ఇంకోటి అడిగిన. ఆ దున్నపోతు మీద నా ఎనుక ఒక్కరికి జాగ ఉంటదా అని. ఒక్క ఖర్సుల ఇద్దరం పోవచ్చు."

అత్త కొంగు బిగించి బస్టాండు దిక్కు నడవడం మొదలుపెట్టింది.

"నువ్వు పో. నాకు ఆధార్ కార్డున్నది, నేను మెల్లగ ఎనుక బస్సుల అస్త."