నవీన నలభీములు

పూర్వపు వేటగాండ్రు చాటుగా వండుకొని, ఈకలు పాతిపెట్టి, పొరుగువాని ముక్కునకు సైతము జడిసెడివారు. నవీన నలభీములన్ననో, 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి యందువలె, నెమలికూర వంటకమును యూట్యూబున కెక్కించి, అటవీశాఖవారికి సాక్ష్యము వెదకు శ్రమ తప్పించుచున్నారు. నేలపట్టు పక్షుల అభయారణ్యమున గూడబాతులను చూచి మురిసి, ఫ్లెమింగో పండుగలో ఫొటోలు దిగి, గూడూరు రైలెక్కగనే అడవిమాంసపు వీడియోలకు లైకులు వడ్డించు రసికులారా! మీ చప్పట్లే ఆ పొయ్యికి కట్టెలు. జాతీయపక్షిని వేటాడినవానికి వన్యప్రాణి సంరక్షణ చట్టము కనీసము 3 ఏండ్లు, గరిష్ఠముగ 7 ఏండ్లు కారాగారవాసము విధించుచున్నది. అచట భోజనము ఉచితమే గాని, మసాలా మాత్రము సర్కారువారి చిత్తము!