అప్పు కంపెనీది, హాలు అయ్యగారిది

పెళ్లిళ్ల పేరయ్య ఒక సంబంధం తెచ్చాడనుకోండి.

“అబ్బాయి ఏం చేస్తుంటాడు?”

“కంపెనీలు కొంటాడండీ.”

“అబ్బో! బాగా ఉన్నవాళ్లన్నమాట.”

“సొంత డబ్బు తియ్యడండీ. పంతుళ్ల పెన్షన్ సొమ్ము కొంత, అప్పు కొండంత.”

“ఆ అప్పు రేపు అబ్బాయి మెడకు చుట్టుకుంటే మా పిల్ల గతేం కాను?”

“రామ రామ! నోటు అబ్బాయి పేరున ఉండదండీ. కొన్న కంపెనీ పేరునే ఉంటుంది.”

మన ఊళ్లో అయితే పిల్ల తండ్రి పేరయ్యను వీధి చివరిదాకా తరుముతాడు. న్యూయార్కులో మాత్రం పీట వేసి కూర్చోబెడతారు. దీన్ని అక్కడ ప్రైవేట్ ఈక్విటీ అంటారు. ఈ విద్యలో ఆరితేరినవాడి పేరు మ్యూజియం గోడ మీదికి ఎక్కుతుంది.

ఆ గోడ ఎక్కిన మహానుభావుల్లో ముందు చెప్పుకోవలసినవాడు హెన్రీ క్రావిస్. 1944లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో పుట్టాడు. తండ్రి చమురు ఇంజనీరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేసి, బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడి బ్యాంకులో పని నేర్చి, 1976లో జెరోమ్ కోల్‌బర్గ్, జార్జ్ రాబర్ట్స్‌లతో కలిసి కేకేఆర్ అనే దుకాణం తెరిచాడు. పెట్టుబడి 1,20,000 డాలర్లు. అందులో లక్ష పెద్దాయన కోల్‌బర్గ్‌ది, కుర్రాళ్లిద్దరివీ తలో పదివేలు. 2024 చివరికి ఆ దుకాణం చేతికింద ఉన్న సొమ్ము 60 వేల కోట్ల డాలర్ల పైమాట. పదివేలు పెట్టి అంతవాడైనవాణ్ణి చూసి కుళ్లుకుంటున్నానని ఎవరైనా అంటే అననివ్వండి. కుళ్లుకోకుండా ఎలా ఉంటాం?

కిటుకు ఇంతే. మన దగ్గర గేదెను అప్పు చేసి కొంటే కొన్నవాడు తీరుస్తాడు. అక్కడ గేదె పేరునే నోటు రాస్తారు. పాలు పితికి వడ్డీ కడతారు. మేత తగ్గించి సామర్థ్యం పెంచామంటారు. కొట్టాం అమ్మేసి, అదే కొట్టాంలో ఉన్నందుకు గేదె చేతే అద్దె కట్టిస్తారు. ఇన్ని చేసి, దానికి మంచి చెడ్డలు చెప్పినందుకని ఏటా సలహా ఫీజు వసూలు చేస్తారు. గేదె బతికి బట్టకడితే మంచి రేటుకు అమ్ముకుంటారు. చచ్చిందా, కాలం కలిసిరాలేదంటారు.

పెట్టుబడి పెట్టినవాళ్ల దగ్గర తీసుకునేది వేరే. వాళ్ల సొమ్ముకు కాపలా ఉన్నందుకు ఏటా రెండు శాతం, లాభంలో ఇరవై శాతం. ఈ వృత్తిలో ఇది మామూలు రేటు. పోతే పోయేది మాత్రం వాళ్లదే. ఒరెగాన్ రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్ నిధి 1980ల మొదట్లోనే కేకేఆర్‌ను నమ్మి సొమ్ము చేతిలో పెట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనం ఎగతాళి చేస్తాం గానీ, పాపం ఆ అల్లుడు కమీషన్ అడగలేదు.

పన్ను దగ్గర ఇంకా తమాషా. అమెరికాలో పెద్ద జీతగాడికి పైమెట్టు పన్ను 37 శాతం. ఈ దొరల ఇరవై శాతం వాటాను మాత్రం కష్టార్జితంగా చూడరు, పెట్టుబడి మీద లాభంగా లెక్కగడతారు. దాని రేటు 20 శాతం చుట్టుపక్కల. ఈ వెసులుబాటు తీసేద్దామని ఒబామా సర్కారు అన్నందుకు, ఇలాంటిదే మరో దుకాణమైన బ్లాక్‌స్టోన్ అధిపతి స్టీఫెన్ ష్వార్జ్‌మన్ 2010లో దాన్ని పోలండ్ మీద హిట్లర్ దండయాత్రతో పోల్చాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. వెసులుబాటు మాత్రం, చిన్నచిన్న సవరణలతో, చెక్కుచెదరలేదు.

క్రావిస్‌ను ప్రపంచానికి చూపించింది 1988 నాటి ఆర్‌జేఆర్ నబిస్కో బేరం. ఓరియో బిస్కెట్లూ కామెల్ సిగరెట్లూ ఒకే చూరు కింద చేసే కంపెనీ అది. దాని పెద్ద రాస్ జాన్సన్‌కు విమానాల పిచ్చి. కంపెనీకి ఓ విమానాల దండే ఉండేది. ఆయన కుక్క ఎవరినో కరిస్తే, గొడవ ముదరకముందే దాన్ని కంపెనీ విమానంలో ఊరు దాటించారట. ప్రయాణికుల పట్టీలో దాని పేరు జి. షెపర్డ్. ఇదంతా ‘బార్బేరియన్స్ ఎట్ ది గేట్’ పుస్తకంలో ఉంది, నా కల్పన కాదు. అలాంటి జాన్సన్ తన కంపెనీని తానే షేరు 75 డాలర్లకు కొట్టేద్దామనుకున్నాడు. క్రావిస్ అడ్డంపడి 90 అన్నాడు. పాట పెరిగి పెరిగి 109 దగ్గర కేకేఆర్‌కు ఖాయమైంది. మొత్తం 2,500 కోట్ల డాలర్లు, అత్యధికం అప్పే. కొన్నందుకు కేకేఆర్ పుచ్చుకున్న ఫీజు ఏడున్నర కోట్లు. ఓడిపోయిన జాన్సన్ సైతం ఐదు కోట్లకు పైగా మూటగట్టుకుని వెళ్లాడు. కొన్నేళ్లు తంటాలుపడి 1995లో కేకేఆర్ బయటపడేనాటికి, మదుపుదార్లకు మిగిలింది అంతంతమాత్రం.

మనిషికి అనుభవం పాఠం నేర్పుతుందంటారు. కేకేఆర్‌కు ఇంకా పెద్ద అప్పు చెయ్యమని నేర్పింది. 2007లో మరికొందరితో కలిసి టెక్సస్ విద్యుత్ సంస్థ టీఎక్స్‌యూను 4,500 కోట్ల డాలర్లకు కొన్నారు. సహజవాయువు ధర పెరుగుతుందని పందెం. ధర పడింది, 2014లో సంస్థ దివాలా తీసింది. ఆ కంపెనీ బాండ్లు కొన్న వారెన్ బఫెట్‌కే 87 కోట్ల డాలర్ల నష్టం. ఆయన సంగతి వదిలేయండి, తట్టుకోగలడు.

తట్టుకోలేనివాళ్లు టాయ్స్ ఆర్ అస్‌లో పనిచేశారు. జిరాఫీ బొమ్మ గుర్తుగా అమెరికా పిల్లలందరూ ఎరిగిన బొమ్మల దుకాణం. 2005లో కేకేఆర్, బెయిన్, వర్నాడో అనే సంస్థలు కలిసి 660 కోట్ల డాలర్లకు కొన్నారు, అందులో 500 కోట్లకు పైగా దుకాణం నెత్తినే పడింది. ఏటా 40 కోట్లకు పైగా వడ్డీ. దుకాణానికి కొత్త రంగు వెయ్యాలన్నా, ఆన్‌లైన్ అమ్మకం నేర్వాలన్నా డబ్బు కావాలి. డబ్బేమో వడ్డీకి పోయింది. సలహా ఫీజు సంగతి సరేసరి. ఆ సలహాలేమిటో గానీ, 2017 సెప్టెంబరులో, సరిగ్గా క్రిస్మస్ బేరాల ముందు, దివాలా పిటిషన్ పడింది. 2018 జూన్ చివరికి ఆఖరి దుకాణం మూతబడింది. అమెజాన్ మింగేసిందన్నారు. అమెజాన్‌తో పోటీ అందరికీ ఉంది, ఇది మాత్రం కాళ్లకు 500 కోట్ల గుండు కట్టుకుని పరుగెత్తింది.

ఇదంతా అమెరికా భాగోతం, మనకెందుకంటారా? హైదరాబాదు గ్లాండ్ ఫార్మాలో కేకేఆర్ 2013లో వాటా కొని, 2017లో చైనా సంస్థ ఫోసన్‌కు అమ్మి వెళ్లింది. నిజం చెప్పాలి, గ్లాండ్ మునగలేదు, పెరిగింది. దానికి వీళ్ల చలవ ఎంతో, కంపెనీ నెత్తిన అప్పు పెట్టనివ్వని మన చట్టాల చలవ ఎంతో తేల్చుకోండి. కంపెనీల కొనుగోళ్లకు బ్యాంకులు అప్పివ్వకుండా రిజర్వు బ్యాంకు ఏళ్ల తరబడి కట్టడి చేసింది. 2025 అక్టోబరులో ఆ తలుపు ఓరగా తీస్తామంది. తలుపు తియ్యకముందే ఏం జరిగిందో, హైదరాబాదులో డాక్టర్లు మొదలుపెట్టిన కేర్ ఆస్పత్రులనే చూడండి. 2012 నుంచి 2023 దాకా అడ్వెంట్, అబ్రాజ్, టీపీజీ, బ్లాక్‌స్టోన్ అనే ఇలాంటి దుకాణాల చేతులు మారాయి. రోగికి డాక్టరు పేరు తెలిస్తే చాలనుకునే రోజులు పోయాయి.

క్రావిస్ 2021లో కేకేఆర్ నిర్వహణ పగ్గాలు వదిలాడు. దాతృత్వంలో మాత్రం తగ్గలేదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఓ విభాగం ఆయన పేరు మీద ఉంది. కొలంబియా బిజినెస్ స్కూలుకు 2010లో పది కోట్ల డాలర్లిచ్చాడు, అక్కడి కొత్త భవనం పేరు హెన్రీ ఆర్. క్రావిస్ హాల్. కుర్రకారు అందులోనే కూర్చుని అప్పుతో కంపెనీలు కొనడం నేర్చుకోవచ్చు.

టాయ్స్ ఆర్ అస్‌లో రోడ్డున పడ్డవాళ్లు సుమారు 33 వేల మంది. పరిహారంగా తమకు ఏడున్నర కోట్ల డాలర్లు రావాలని వాళ్లు లెక్కగట్టారు, అచ్చం ఆర్‌జేఆర్ బేరంలో కేకేఆర్ ఫీజంత. వీధికెక్కి అరిచాక, 2018 నవంబరులో కేకేఆర్, బెయిన్ తలా కోటి వేసి రెండు కోట్లతో ఓ సహాయనిధి పెట్టాయి. సమానంగా పంచితే తలకు 606 డాలర్లు.