ఒక్క ఆదివారం చొక్కా

నేను పరుగు టీషర్టుని. పత్తి పండే జిల్లాలో బతుకుతున్నా నా ఒంట్లో ఒక్క పత్తి పోగు లేదు. నేను పాలిస్టర్‌ని. చెమట పట్టినా బరువెక్కకూడదని, ఇట్టే ఆరిపోవాలని అలా చేశారు. ఎక్కడ నేశారో, ఎక్కడ కుట్టారో అంత చెప్పుకోదగ్గ సంగతి కాదు. ఒక ఆఫీసు వాళ్లు ఒక ఆదివారం కొత్తపట్నం బీచ్‌లో చందాల కోసం 5 కిలోమీటర్ల సేవా పరుగు పెట్టుకున్నప్పుడు వందల్లో ఒకదాన్నై అట్టపెట్టెలో వచ్చాను. ఎదమీద ఆరోగ్యం గురించి ఒక నినాదం, వీపు నిండా స్పాన్సర్ల పేర్లు. ఒక మనిషి ఒంటిమీద నేనున్నది గంట లోపే. ఆ తరవాత రెండేళ్లు బీరువా అడుగునే ఉన్నాను. పాతబట్టల మూటలో చేతులు మారి, ఇప్పుడు మిరప కోతలకు పోయే ఒకావిడ తలకు చుట్టుకునే గుడ్డనయ్యాను. ఆ గంటనూ ఈ పనినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. సేవా పరుగు మంచిదే. కానీ ఆ మంచి పుట్టేది పరుగు రోజున కాదు, దానికి ముందు అందరూ కలిసి నడిచిన వారాల్లో. ఆ వారాలు లేనప్పుడు నన్ను కుట్టించడం దండగ.

మా వంశంలో గొప్పగా చెప్పుకునే పేరు టెర్రీ ఫాక్స్. కేన్సర్‌కు ఒక కాలు పోగొట్టుకున్న ఆ కెనడా కుర్రాడు 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు, కేన్సర్ పరిశోధనకు విరాళాలు అడుగుతూ. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు, మరుసటి ఏడాది కన్నుమూశాడు. లోకం గుర్తుపెట్టుకున్నది ఆ 143 రోజుల్ని. దానికి ముందు ఏడాదికి పైగా అతను చేసిన సాధన చాలామందికి గుర్తులేదు. ఆఫీసుల పరుగుకు పెద్దదిక్కు న్యూయార్క్. 1977లో సెంట్రల్ పార్కులో ఒక బ్యాంకు మొదలుపెట్టిన కార్పొరేట్ ఛాలెంజ్‌కి తొలిసారి వచ్చింది 200 మంది. మన దగ్గరికొస్తే, 2007లో పుట్టిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం ఏటా జరిపే హైదరాబాద్ మారథాన్ అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ సంఘం చేసే ఇంకో పని ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ఏనాడూ పరిగెత్తని వాళ్లను చేరదీసి, వారాల తరబడి కాస్త నడక, కాస్త పరుగు చేయించి 5 కిలోమీటర్లకు చేర్చడం. అక్కడ పరుగు రోజు పంట ఇంటికొచ్చే రోజులాంటిది. మా ఆఫీసులో దుక్కీ లేదు, విత్తూ లేదు, కోతకు మాత్రం అందరూ వచ్చారు.

ఇది నా బాధలోంచి పుట్టిన మాటే కాదు, లెక్కలున్నాయి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో ఒళ్లు కదిలేలా ఏదో ఒకటి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాదికి ఒక గంట అందులో ఏ మూలకు? అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తే వాళ్లలో కూడా గుండెజబ్బు మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. వేగం కాదు, దూరం కాదు, అలవాటే అసలు సంగతి. ఆ అలవాటును ఆఫీసు నేర్పగలదా? ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5,000 మంది ఉద్యోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికే ఆరోగ్య కార్యక్రమం పెట్టి చూశారు. జిమ్‌కి వెళ్లడంలో గానీ పరుగు పందేల్లో పాల్గొనడంలో గానీ తేడా రాలేదు. చేరినవాళ్లు, చేరనివాళ్ల కంటే ముందునుంచే ఆరోగ్యం ఎక్కువ చూసుకుంటున్నవాళ్లు. నా తోటి చొక్కాలూ ఎక్కువగా అలాంటి వాళ్ల బీరువాల్లోకే చేరాయి.

మరి ఈ సేవా పరుగుల్ని ఎత్తేయమంటావా అని అడగొచ్చు. అననుగాక అనను. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాధానాల్ని పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒత్తిడి తగ్గించే తరగతులు, యాప్‌ల వంటివి వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. కాస్త మెరుగు కనిపించింది ఒక్కచోటే, ఇతరుల కోసం స్వచ్ఛందంగా పనిచేసే అవకాశం ఉన్నచోట. ఆక్స్‌ఫర్డ్‌లో 12 మంది పడవ పోటీ కుర్రాళ్ల మీద చేసిన చిన్న ప్రయోగం ఇంకొకటి ఉంది. ఒంటరిగా తెడ్డు వేసినప్పటి కంటే జట్టుగా వేసినప్పుడు, పడ్డ శ్రమ అంతే అయినా, నొప్పి ఓర్చుకునే శక్తి ఎక్కువైంది. మరొకరి కోసం చేయడం, మరొకరితో కలిసి చేయడం, ఈ రెండూ సేవా పరుగులో ఉన్నాయి. అందుకే దాన్ని పారేయకూడదు, ఒక్క ఆదివారానికి కుదించనూ కూడదు.

డబ్బే ముఖ్యమైతే చొక్కాలూ పతకాలూ మానేసి ఆ సొమ్ము నేరుగా ఇవ్వొచ్చు కదా అనేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. లాభాల్లో 2 శాతం సేవకు పెట్టాలన్న 2013 కంపెనీల చట్టం విషయంలో కేంద్ర ప్రభుత్వమే 2014 జూన్ 18 నాటి సర్క్యులర్‌లో, మారథాన్ల వంటి ఒక్కసారి కార్యక్రమాల ఖర్చు ఆ లెక్కలోకి రాదని తేల్చింది. కాబట్టి సేవ పద్దును సేవ పద్దుగానే ఉంచాలి, చందా మొత్తం చేరాల్సిన చోటికి చేరాలి. పరుగు ఖర్చు ఉద్యోగుల బాగు కోసం పెట్టిన ఖర్చని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఆ ఉద్యోగులంటే ఎవరన్న ప్రశ్న వస్తుంది. నన్ను పంచిన జాబితాలో సెక్యూరిటీ గార్డులు లేరు, ఊడ్చేవాళ్లు లేరు, డ్రైవర్లు లేరు. కాంట్రాక్టు మనుషులట. ఆ ఉదయం మంచినీళ్ల గ్లాసులు అందించింది వాళ్లే. వాళ్లను ఒడ్డున నిలబెట్టి పరిగెత్తి వచ్చాక ఆఫీసంతా ఒక కుటుంబమంటే నేను నమ్మలేను. మోకాళ్ల నొప్పులవాళ్లు, పసిపిల్లల తల్లులు, ఉన్న ఒక్క సెలవు పోగొట్టుకోలేనివాళ్లు రాలేదని తప్పుపట్టడమూ సరికాదు. సాధన పనిగంటల్లోనే పెట్టండి, నడకనూ పరుగుగా లెక్కించండి, అప్పుడు వాళ్లూ వస్తారు. టీషర్టు కూడా ఆఖరి రోజున కాదు, సాధన మొదలైన రోజున అందరికీ ఇవ్వండి.

రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు ఈ పరుగుల గొడవ ఎందుకని మా ఊళ్లో అనొచ్చు. నిజమే, వాళ్లకు కావలసింది విశ్రాంతి. కానీ కలిసి పనిచేయడమంటే ఏమిటో నేను చూసింది వాళ్ల దగ్గరే. మిరప చేలో ముఠా దిగితే తలా ఒక సాలు పట్టుకుంటారు. ముందు ముగించినవాళ్లు గట్టు మీద కూర్చోరు, వెనకబడినదాని సాలులోకి ఎదురువెళ్లి కోస్తారు. అందరూ కలిశాకే మంచినీళ్లు. నన్ను తలకు చుట్టుకున్నావిడ మధ్యాహ్నం విప్పి దులుపుతుంది. మిరప ఘాటుకు పక్కావిడ దగ్గుతుంది. ఈవిడ నన్ను సీసా నీళ్లలో తడిపి ముఖం తుడుచుకోమని ఆవిడకు అందిస్తుంది. బీరువాలో ఉన్న రెండేళ్లలో నన్ను ఎవరూ ఎవరికీ అలా ఇవ్వలేదు. ఉతికి ఉతికి స్పాన్సర్ల పేర్లు పెచ్చులూడిపోయాయి, మెడ దగ్గర సైజు చీటీ మాత్రం ఇంకా ఉంది. రేపు తెల్లవారుజామున ఆటో వస్తుంది. దండెం మీద ఆరుతున్నాను.