కన్ను వదిలిన రాయి

చత్వారం మొదలయ్యేది కంటి డాక్టరు దగ్గర కాదు, బియ్యం చేటలో. మాటలోనే నలభై ఉంది. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు గనక అది ఎప్పుడొస్తుందో భాషే ముందుగా చెప్పేసింది. తనకొచ్చిందని ఒప్పుకునే మనిషి మాత్రం నలభై ఐదు దాటినా దొరకడు. కంట్లోని కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బడం మానేస్తుంది. మనిషి చేట కాస్త దూరం జరుపుకుంటాడు. చేయి చాలినన్నాళ్లూ చత్వారం లేనట్టే లెక్క. చేయి పొట్టిదని తేలిన నెలలో బియ్యంలో రాళ్లు పెరిగాయని రేషన్ షాపు మీద నేరం పడుతుంది. కన్ను వదిలేసిన రాయిని పన్ను పట్టుకుంటుంది గనక అసలు సంగతి భోజనాల వేళ బయటపడుతుంది.

రెండో లక్షణం సూదిలో దారం. దీనికి మందు మనవడు. మూడోది గ్యాస్ సిలిండరు. పైన పట్టుకునే రింగు కింది పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లిషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు, అంకెలు సంవత్సరం. సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాల్సిన గడువది. చదవాలంటే వంగాలి, వంగితే తల నీడ పడుతుంది, నీడ పోవాలంటే ఫోను లైటు వేయాలి, లైటు వేసే ఫోను అద్దాల కంటే ముందే ఎక్కడో మాయమై ఉంటుంది. వీధిలో సిలిండర్ల ఆటో హారన్ కొడుతుంటుంది. దించుకున్న ఇళ్లు చాలా ఉంటాయి, చదివి దించుకున్న ఇల్లు అరుదు.

ఈ లక్షణాలను ఖమ్మంలో చాలా ఘనంగా గుర్తించారు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలుపెట్టిన కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’కు రెండో విడత ప్రారంభం 2023 జనవరి 18న ఖమ్మంలోనే జరిగింది. ఢిల్లీ, కేరళ, పంజాబ్ ముఖ్యమంత్రులు కూడా వచ్చారు. బీఆర్ఎస్ తొలి బహిరంగ సభ కూడా అదే రోజు, అదే ఊళ్లో. ఇంతమంది ముఖ్యమంత్రుల సాక్షిగా చత్వారం బయటపడ్డ ఊరు దేశంలో మరొకటి ఉండదేమో. దగ్గరచూపు అద్దాలు శిబిరంలోనే చేతికిచ్చే ఏర్పాటు ఉండేది. పవరు వేరే అయితే ఆర్డరు వేసి తర్వాత పంపేవారు.

పరీక్ష రెండు అంకాలు. మొదటిది యంత్రం. గడ్డం ఆనించి లోపలికి చూస్తే తిన్నని రోడ్డు చివర రంగుల గాలిగుమ్మటం కనిపిస్తుంది. అది ఒకసారి మసకబారి మళ్లీ తేటపడుతుంది. దూరంగా చూస్తున్నాననుకుని కన్ను బిగువు సడలించాలని ఆ ఉపాయం. పాల్వంచ దాటి అడవి దారిన పోయే బస్సు ఎక్కినవాళ్లకు గుమ్మటం కంటే ఆ గుంటల్లేని రోడ్డే ఎక్కువ వింతగా ఉంటుంది. రెండో అంకం గోడమీది పట్టిక. డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో తయారుచేశాడు. ఆరు మీటర్ల దూరంలో కనిపించాల్సింది కనిపిస్తే ఆరుకు ఆరు. అక్షరాలు రానివాళ్లకు ఇంగ్లిషు ‘ఇ’ (E)ని నాలుగు దిక్కులకూ తిప్పి చూపిస్తారు, కొమ్ములు ఎటుంటే అటు చేయి చూపాలి. స్నెలెన్ ఊహించనిది మన లైను. ముందువాళ్లు గట్టిగా చదువుతుంటే వెనక ఐదో మనిషికి పట్టిక కంఠతా వచ్చేస్తుంది. అతని చూపు భేష్ అని తేలుతుంది. ‘‘ఇది బాగుందా, ఇది బాగుందా?’’ అంటూ అద్దాలు మార్చే ఘట్టానికి మాత్రం బట్టీ పనికిరాదు. రెండూ ఒకేలా ఉన్నాయంటే డాక్టరు నొచ్చుకుంటారేమోనని జనం రెండోదానికి ఓటేస్తారు.

అద్దాలు వచ్చాక వంటింటి కష్టాలు తగ్గవు, వేషం మారుస్తాయి. అన్నం గిన్నె మూత తీయగానే ఆవిరి కొట్టి లోకం తెల్లబడుతుంది. కొంగుతో తుడిస్తే ఆవిరి పోయి పోపు నూనె అంటుకుంటుంది. కిటికీ గట్టుమీద పెడదామంటే భద్రాచలంలో కోతుల బెడద. అద్దాలు తినేవో కావో వాటికి తేలేది కొరికాకే. ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చిన తేజ మిర్చి సంగతి మరీ వేరు. తొడిమలు తీసిన చేతిని నీళ్లతో ఎంత కడిగినా ఘాటు వదలదు. దానిలోని కాప్సైసిన్ నీళ్లలో కరిగేది కాదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తర్వాత సబ్బు పెట్టాలి. ఇది గుర్తొచ్చేది అద్దాలు తీసి కన్ను నులుముకున్న క్షణాన.

గోటి పని అంతా ఒక్కటే కాదు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి తూర్పు గోదావరి నుంచి, ముఖ్యంగా కోరుకొండ వైపు నుంచి, గోటి తలంబ్రాలు వస్తాయి. రోకలి తగలకుండా వడ్లను గోటితోనే ఒలిచి, బియ్యం చేసి, మోసుకొస్తారు. అక్కడ ఒక్కో గింజకూ పుణ్యం. అదే గోరు ఇంట్లో వెల్లుల్లి రేకలు ఒలిస్తే పుణ్యం సున్నా, పైగా ‘‘ఇంకా కాలేదా?’’ అన్న కేక. అడవిలో వేసవి తునికాకుది ఇంకో లెక్క. యాభై ఆకులకు కట్ట, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఆకు తక్కువైనా చిల్లుపడినా కల్లంలో కట్టలు లెక్కచూసే కల్లేదారు చూపు ఆరుకు ఆరు. ఎండన పడి కోసిన చేతులతోనే ఇంటికొచ్చి కూర తరగాలి, ఆ తరిగినదానికి కల్లమూ లేదు, కట్టా లేదు.

ఇక మిగిలింది అద్దాల మర. కాడ మొదట్లో ఉండే ఆ ఆవగింజంత మర సరిగ్గా బియ్యం ఏరే పూటే ఊడి చేటలో పడుతుంది. దాన్ని వెతకడానికి అద్దాలు కావాలి. సూదిలో దారం ఎక్కించే మనవణ్నే మళ్లీ పిలుస్తారు. వాడికి మర దొరకదు, రాళ్లు మాత్రం మూడు దొరుకుతాయి.