తోకలు చదివే ఊరు

తోకలు చదవడం వినుకొండకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త మనిషి పేరు చెప్పగానే చివరన ఏముందా అని చెవులు రిక్కిస్తాం. ఏమీ లేకపోతే ఇంటిపేరు అడుగుతాం. అదీ తేలకపోతే ‘మనోళ్లేనా?’ అని పక్కవాడి చెవి కొరుకుతాం. ఇంత పరిశోధన చేసే మనం, వాట్సాప్‌లో ‘పెళ్లి శుభలేఖ డాట్ ఏపీకే’ వస్తే మాత్రం ఎవరి పెళ్లో కూడా అడక్కుండా నొక్కేస్తాం. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైలు పేరు చివర ఏపీకే అనే తోక ఉందంటే అది ఆండ్రాయిడ్ ఫోన్లోకి ఎక్కి కూర్చునే యాప్. అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మన ఓటీపీలు దాన్ని పంపిన మోసగాడు చదువుకుంటాడు. అక్షింతలు బ్యాంకు ఖాతా మీద పడతాయి.

ఇది పాత విద్యే. 2000 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రేమలేఖలా వచ్చింది. ఫైలు పేరు చివర పైకి కనిపించింది టీఎక్స్‌టీ. అసలు తోక వీబీఎస్ దాని వెనక నక్కింది. తెలిసిన తోకల్ని విండోస్ దాచేస్తుంది మరి. మనుషుల తోకలు దాచే విండోస్ వస్తే మన ఊళ్లో ఒక్క కాపీ అమ్ముడుపోదు.

ఇక ఆఫీసు పండితులు. పీడీఎఫ్ కావాలంటే ఫొటో పేరు చివర జేపీజీ చెరిపి పీడీఎఫ్ అని రాస్తారు. లోపలి సరుకు మారదు; నిజమైన పీడీఎఫ్ తానెవరో ఫైలు మొదట్లోనే చెప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఏసీసీడీటీ అనే తోకతో మూస ఫైలు ఉంటుంది. తెరిస్తే కొత్త ఏసీసీడీబీ డేటాబేస్ పుడుతుంది, మూస చెక్కుచెదరదు. అదెవరికి కావాలి? నిరుటి లబ్ధిదారుల ఫైలే తెరిచి, పాత పేర్ల మీద కొత్తవి కొట్టి, సేవ్ నొక్కుతారు. ఆడిట్ వస్తే ‘కంప్యూటర్ మింగేసింది సార్!’

ఇక మనుషుల తోకల సంగతి. కవి గుర్రం జాషువా 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇక్కడి అవధాన సభలో పద్యాలు చదివితే, పద్యం సంగతి వదిలేసి, కులం చూసి, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారన్నారు కొందరు. ఇప్పుడాయనకు దండలు వేస్తాం. వేసి, పక్కన నిలబడ్డవాడి ఇంటిపేరు అడుగుతాం.

ఫైలును దేనితో తెరవాలో దాని తోక చెబుతుంది. మనిషిలో ఏముందో అతని తోక చెప్పదు. మన తోకల శ్రద్ధలో పావలా వంతు ఫోను మీద పెడితే బ్యాంకులో డబ్బు మిగులుతుంది. మిగతా ముప్పావలా మానేస్తే ఊరికి పరువు మిగులుతుంది.